ఎడిటరు గారికి చీవాట్లు

ఆ సాఫ్ట్‌వేర్ ఆఫీసులో అందరికన్నా పాత ప్రోగ్రామరుని అందరూ చిటపటలాయన అనేవాళ్ళు. అయినా ఆయన మనిషిని తిట్టగా చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. ఆయన తిట్లన్నీ యంత్రాలకే. పోనీ తిడితే తిట్టాడు, అందులోనూ మర్యాదొకటి. మనుషుల్ని నోరారా ‘ఏమ్మా, ఏరా’ అని పిలిచే పెద్దమనిషి, యంత్రాల్ని మాత్రం ‘మీరు, గారు’ అని మన్నించి మరీ చీవాట్లు పెట్టేవాడు.

ఒకసారి రిసెప్షన్‌లో కూర్చునే ఆవిడ ప్రింటరులో కాగితాలు పెట్టడం మరిచిపోయింది. మేనేజరు పని ఆగిపోయింది. ఆయన నోరు తెరిచేలోపే చిటపటలాయన ప్రింటరు ముందుకొచ్చి నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడు. “ఏమండీ ప్రింటరు గారూ, ఆకలేస్తే అడగాలా వద్దా? మూతి ముడుచుకు కూర్చుంటే మాకెలా తెలుస్తుంది?” అని మొదలుపెట్టి ఊపిరి సలపనివ్వలేదు. మేనేజరు గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. ఆ సందట్లో ఆవిడ కాగితాలు పెట్టేసింది. ఇంకోసారి భారీ మనిషి క్యాషియరు ఎక్కగానే లిఫ్టు బరువెక్కువైందని కీచుమంది. లోపలున్నవాళ్ళు ముసిముసిగా నవ్వబోతుంటే, “ఎక్కినవాళ్ళ మీద అలా అరవడం మర్యాదేనా లిఫ్టు గారూ?” అంటూ ఈయనే దిగి మెట్ల దారి పట్టాడు.

కొత్తగా చేరిన ప్రోగ్రామరు అమ్మాయికి ఈ విడ్డూరం చూస్తే ఒళ్ళు మండిపోయేది. రోజుకో యంత్రానికి చీవాట్లు పెట్టే మనిషికి ఆఫీసులో పెద్దరికం. రెక్కలు ముక్కలు చేసుకుంటున్న తనకేమో, కొన్నాళ్ళు పని చూసి ఉంచాలో పంపాలో చెబుతామన్న మాట. ఇదెక్కడి న్యాయమని అక్కకి ఫోను చేసినప్పుడల్లా ఏకరువు పెట్టేది.

ఆ తేల్చే రోజు రానే వచ్చింది. డయాలసిస్ సెంటరులో ఏ రోగికి ఏ యంత్రం, ఎప్పుడు అన్నది చూసే ప్రోగ్రాము ఆమె రాసింది. దాన్ని చూడ్డానికి అక్కడి హెడ్ నర్సు స్వయంగా వచ్చింది. తెర మీద ఒక ముసలాయనకి ఒకే సమయంలో రెండు యంత్రాలు కేటాయించి ఉన్నాయి.

“సగం మనిషిని ఇక్కడా, సగం మనిషిని అక్కడా పడుకోబెట్టమంటారా?” అని అడిగింది నర్సు.

ఆ తప్పు అమ్మాయికి తెలుసు. పొద్దున్నే దిద్దింది కూడా. లిస్ప్ అనే కంప్యూటరు భాషలో రాసేవాళ్ళకి ఒక సుఖం ఉంది. ప్రోగ్రాము నడుస్తుండగానే అందులో ఒక ముక్క మార్చి, ప్రోగ్రాము రాసుకునే ఎడిటరు నుంచి పంపితే, పాతది లేచి కొత్తది కూర్చుంటుంది. ఆమె పంపింది. ఎడిటరు ‘అయింది’ అంది. ముసలాయన మాత్రం రెండు యంత్రాలూ వదల్లేదు. మళ్ళీ మార్చింది, మళ్ళీ పంపింది, మళ్ళీ ‘అయింది’. గోడకి చెప్పుకున్నా కాస్త నయం. మేనేజరు పక్కకొచ్చి, ఇవాళ ఇది నడవకపోతే ఇక మీ సంగతి మేం వేరేగా ఆలోచించుకోవాలి అని గొంతు తగ్గించి చెప్పాడు. చెప్పి, చిటపటలాయనకి కబురు పెట్టాడు.

అమ్మాయి కీబోర్డు పక్కకి తోసింది. తన ఉద్యోగం ఊడేటట్టుంటే వినోదానికి మనిషిని పిలుస్తారా?

ఆయన వచ్చాడు. కళ్ళద్దాలు పెట్టుకుని ఫైలు పైనుంచి కిందికి ఒక్కసారి చూశాడు. అద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

“సిగ్గులేదా నీకు?” అన్నాడు ఎడిటరుతో.

ఆఫీసంతా చేస్తున్న పని ఆపేసింది. ఆయన నోట యంత్రాన్ని ‘నువ్వు’ అనగా ఎవరూ వినలేదు. రిసెప్షన్ ఆవిడ చేతిలో ఫోను పెట్టేసి లేచి నిలబడింది.

“అమ్మాయి పొద్దున్నుంచీ చిలక్కి చెప్పినట్టు చెబుతుంటే, అయింది అయిందని తలాడిస్తావా? ఎక్కడ అయింది? ఎవరింట్లో అయింది?”

బల్ల మీద గుద్దాడు. కప్పు ఎగిరిపడింది. బయటివాళ్ళ ముందు పరువు పోతోందని మేనేజరు గిలగిల్లాడిపోయి, ఈయనకి ఒంట్లో బాగాలేదని ఏదో చెప్పి, నర్సుని కాఫీకని పక్కగదిలోకి తీసుకుపోయాడు.

తలుపు పడగానే చిటపటలాయన గొంతు దిగింది.

“మొదటి వరుస చూసుకోమ్మా.”

చూసుకుంది. పంపిన ముక్క ఏ గదిలోకి వెళ్ళి కూర్చోవాలో చెప్పేది ఆ మొదటి వరుసే. ఆ గదిని నేమ్‌స్పేస్ అంటారు. తను ఇదివరకు కంటి ఆసుపత్రికి రాసిన ఫైలులో వంతుల లెక్క బాగా కుదిరిందని, పొద్దున దాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి ఈ ఫైలులో పోసుకుంది, మొదటి వరుసతో సహా. ఇంతసేపూ దిద్దిందల్లా కంటి ఆసుపత్రి గదిలోకి వెళ్ళి కూర్చుంటోంది. డయాలసిస్ గదిలోకి ఒక్క ముక్కా రాలేదు. అమ్మాయి చెవులు ఎర్రబడ్డాయి.

“ఆ గది పేరు మార్చి మొత్తం పంపు. ఆ తర్వాత కంటి ఆసుపత్రి ఫైలు కూడా మళ్ళీ లోడ్ చెయ్యి, అక్కడంతా మన సామాన్లే పడున్నాయి” అని గుసగుసగా చెప్పి, తలుపు వైపు తిరిగి గొంతెత్తాడు. “ఇంకోసారి ఇలాంటి వేషాలు వేశావో, చూడు!” ఆమె టైపు చేసినంతసేపూ ఆ తిట్ల వాన కురుస్తూనే ఉంది.

నర్సు తిరిగొచ్చేసరికి ముసలాయన ఒకే యంత్రం దగ్గర బుద్ధిగా ఉన్నాడు. ఇలా ఉంటే మాకు హాయి, రేపే పెట్టెయ్యండి అందామె. మేనేజరు మొహం వికసించింది. ఏమైందని అడిగితే, “ఎడిటరుకి పొగరెక్కింది, దించాను” అన్నాడు చిటపటలాయన. తప్పు నాదేనండీ అనబోయిన అమ్మాయిని ఒక్క చూపుతో ఆపేశాడు.

ఆమెను ఉద్యోగంలో ఉంచేశారు. సాయంత్రం మెట్ల దాకా వెళ్ళి, సంచి మరిచానని వెనక్కి వచ్చింది. తన బల్ల ముందు చిటపటలాయన వంగి నిలబడి ఉన్నాడు.

“ఎడిటరు గారూ, ఇందాక నోరు జారాను, ఏమీ అనుకోకండి. పెట్టమన్న చోటే పెట్టారు, మీ తప్పేం లేదు. మామూలుగా తిడితే మేనేజరు కదిలేటట్టు లేడు, ఏం చెయ్యను చెప్పండి?”

అమ్మాయి సంచి తీసుకోకుండానే మునివేళ్ళ మీద వచ్చేసింది. లిఫ్టు తలుపు ఎప్పటిలాగే మూసుకోకుండా మొరాయించింది. ఇన్నాళ్ళూ దాన్ని కాలితో తన్నేది.

“నెమ్మదిగానే కానివ్వండి లిఫ్టు గారూ” అంది.