నేను కానివ్వని యక్షుడు

ఆ మధ్య ఒక ఆదివారం మధ్యాహ్నం మా అమ్మాయి స్నేహితులు నాంపల్లిలోని మా ఇంటి ముందు గదిలో చాప పరుచుకుని, గాజుముక్కల్లా మెరిసే రంగురంగుల పాచికలు విసురుకుంటూ ఆడుకుంటుంటే, మిరపకాయ బజ్జీల పళ్ళెం పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళిన నాకు, నేనే ఎప్పుడో చెప్పిన అబద్ధం మా అమ్మాయి నోట వినపడింది.

ఒకరు కథ నడుపుతుంటే మిగిలినవాళ్ళు తలా ఒక పాత్రలోకి దూరి, పాచిక చెప్పినట్టు గెలుస్తూ ఓడుతూ పోయే ఆట అది. మనిషిగానే ఉండాలని లేదు. పొడవు చెవుల అడవిమనిషి కావచ్చు, భూమి కింద గనులు తవ్వే గడ్డపు మరుగుజ్జు కావచ్చు, ఆటలో వాటిని జాతులంటారు. నేను కూడా కాలేజీ రోజుల్లో ఆడేవాణ్ణని మా అమ్మాయి గొప్పగా చెబుతోంది.

"వాళ్ళ దోస్తు ఒకాయన క్రిస్టియన్. గివన్నీ దయ్యాలని చర్చిల వద్దన్నరంట. పాపం, మానేసిండంట."

అందరూ నవ్వారు. సికింద్రాబాదు నుంచి వచ్చే ఒక అమ్మాయి మాత్రం, మెడలో సన్నని గొలుసుకు చిన్న సిలువ ఉన్న అమ్మాయి, నవ్వకుండా అరచేతిలో పాచికను తిప్పుతూ కూర్చుంది. అలా నవ్వని ముఖాన్ని నేను మునుపు ఒకసారి చూశాను.

అబిడ్స్‌లో ఆదివారాలు మూసిన దుకాణాల ముందు, ఫుట్‌పాత్ పొడవునా పాత పుస్తకాలు పరిస్తే, గొంతుక్కూర్చుని మోకాళ్ళు పట్టుకుపోయేదాకా వెతికిన రోజులు నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటాయి. అలా వెతుకుతుంటే అట్ట చిరిగిన ఒక ఇంగ్లీషు పుస్తకంలో ఈ ఆట నాకూ నా స్నేహితుడికీ దొరికింది. దానికి కావలసిన ఇరవై ముఖాల పాచికలు బేగం బజార్ అంతా తిరిగినా దొరక్కపోతే, మా అమ్మ పేరంటాల్లో హౌసీ ఆడించే గుడ్డసంచిలోని అంకెల బిళ్ళలతో సరిపెట్టుకుని, మా మిద్దె మీద, స్టేషన్లో రైలు కూసినప్పుడల్లా కథ ఆపుకుంటూ, మేమిద్దరం, మా మేనత్త కొడుకు, మా అక్క ఆడేవాళ్ళం. కథ నడిపేది నేను. నా స్నేహితుడు చర్చి నుంచి ఇస్త్రీ నలగని తెల్లచొక్కాతో నేరుగా వచ్చేవాడు, వాడు వచ్చేదాకా మేం సంచి మూతి విప్పేవాళ్ళం కాదు.

వాళ్ళది మెదక్. నాయన నాంపల్లిలో ఏదో ఆఫీసులో గుమాస్తా, మా వెనక వీధిలో కిరాయికి ఉండేవారు. సెలవుల్లో ఊరికి పోయినప్పుడు వాళ్ళ నాయనమ్మ దిగుడుబావి మెట్ల మీద కూర్చోబెట్టి, ఆ నీళ్ళ కింద లంకెబిందెలున్నాయనీ, వాటికి ఒక యక్షుడు కాపలా అనీ చెప్పేదట. ఆవిడా ప్రతి ఆదివారం చర్చికి పోయే మనిషే, ఆ యక్షుడికీ ప్రార్థనకీ ఆవిడకెక్కడా తగాదా ఉన్నట్టు లేదు. పుస్తకంలోని మరుగుజ్జును చూడగానే వాడికి ఆ కథే గుర్తొచ్చింది. "ఇద్దరిదీ ఒకటే నౌకరీరా. సొమ్ము వాళ్ళది గాదు, కావలి మాత్రం వాళ్ళదే," అని మేమిద్దరమే ఉన్నప్పుడు నాతో అనేవాడు.

ఆ మాటతోనే నాకు మన జాతులతో ఆడాలన్న ఆలోచన పుట్టింది. పుస్తకంలోని అడవిమనుషుల చోట గంధర్వులు, మరుగుజ్జుల చోట యక్షులు, నడుమెత్తు బుడతల చోట వేలెడంత వాలఖిల్య ఋషులు, కోరల మూకల చోట రాక్షసులు. అదంతా నా సొంత బుర్రే అన్నట్టు ఒక ఆదివారం మిద్దె మీద ప్రకటించాను. మా మేనత్త కొడుకు రాక్షసుణ్ణి పట్టుకున్నాడు, అక్క గంధర్వకన్య అయింది. నా స్నేహితుడు యక్షుడు కావాలన్నాడు.

యక్షుడి సంగతి వాడు నోరు విప్పితే ఆలోచన ఎవరిదో అందరికీ తెలిసిపోతుందన్న చిన్నబుద్ధి తప్ప నాకు వేరే కారణం లేదు.

"యక్షుల కథలు మావిరా. నీకు మరుగుజ్జున్నడు గదా, అయ్యి మీ చర్చోల్ల కథలే, గదే తీస్కో," అన్నాను.

"ఔ, నీకు గడ్డం గూడ మంచిగుంటది," అని మా మేనత్త కొడుకు నవ్వాడు.

"మా కథలేంది? మాది మెదక్ గదరా. ఆ మరుగుజ్జులు మా చర్చిల ఏ బెంచి మీద కూసున్నరు, నువ్వు చూసినవా?"

అడిగినవాడు నవ్వలేదు. నేను బిళ్ళల సంచి వాడి ముందుకు తోశాను. వాడు ఆ సాయంత్రమంతా మరుగుజ్జుగానే ఆడి, చివరికి బిళ్ళలన్నీ సంచిలో వేసి, ఎప్పుడూ నేను కట్టే మూతిని ఆ రోజు తనే కట్టి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆదివారం రాలేదు. ఏమైందని అమ్మ అడిగితే, వాళ్ళ చర్చిలో వద్దన్నారట అని నా నోటికి సులువుగా వచ్చేసింది. వాడు లేక ఆటా ఆగిపోయింది. తర్వాత వాళ్ళ నాయనకు బదిలీ అయి ఇల్లు ఖాళీ చేశారు. ఆ అబద్ధాన్ని మాత్రం నేను పెళ్ళిళ్ళలో, ఆఫీసులో తమాషా కథగా చెప్పుకుంటూ వచ్చాను.

పెద్దయ్యాక చదువుకున్నాను. ఆ మరుగుజ్జులూ అడవిమనుషులూ చలిదేశాల వాళ్ళు చర్చి మొహం చూడకముందు చెప్పుకున్న కథల్లోని వాళ్ళు. చర్చి వచ్చాక వాళ్ళను దయ్యాల్లో కలిపేశారు. మన యక్షులు మాత్రం? ఒకప్పుడు చెట్టుకూ చెలమకూ వాళ్ళే దేవుళ్ళు, పెద్ద దేవుళ్ళు వచ్చాక గుడి గుమ్మం దగ్గర కాపలాకు నిలబడ్డారు. నా స్నేహితుడు అన్నట్టు ఇద్దరిదీ ఒకటే నౌకరీ. అటువంటి వాళ్ళ పేరు చెప్పి నేనొక మనిషిని గుమ్మం బయట నిలబెట్టాను.

ఆ మధ్యాహ్నం గుమ్మంలో బజ్జీల పళ్ళెం కింద పెట్టి, ఆ పిల్లల ముందే ఇదంతా చెప్పాను. మా అమ్మాయి ముఖం ఎర్రబడింది.

"ఇన్నేండ్లు మాకు గట్లెందుకు చెప్పినవ్ నాన్నా?"

సికింద్రాబాదు అమ్మాయి తలెత్తి, "అంకుల్, ఆయన యక్షుడి పేరేంది?" అంది. పేరు పెట్టేదాకా నేనెక్కడ రానిచ్చాను, అన్నాను. ఆ పిల్ల అప్పటిదాకా ఆడుతున్న పాత్రను పక్కన పెట్టి, దిగుడుబావి కింద లంకెబిందెలకు కాపలా ఉండే యక్షుణ్ణి ఎంచుకుంది. ఎవరూ అదేమని అడగలేదు. "పేరు ఇప్పుడే వద్దు. మీరు ఆయన్ని దేవులాడి దొరకబట్టుండ్రి అంకుల్, ఆయననే అడిగి పెడదాం," అంది.

ఇప్పుడు ఇరవై ముఖాలకూ ఒక్కో అంకె ఉన్న పాచికలు ఇంటికే వస్తాయి, ఏ పిల్ల ఏ జాతి కావాలన్నా మీ ఇంట్లో ఏ దేవుడని ఆరా తీసేవాళ్ళు ఆ చాప మీద లేరు. ఒక ఆటలో ఇంత చోటుందని ఆ వయసులో నాకు తెలియలేదు. మెదక్ వైపు తెలిసినవాళ్ళను అడుగుతున్నాను. ప్రతి ఆదివారం ఆ యక్షుడు పేరు లేకుండానే ఆటలోకి దిగుతున్నాడు.