శుక్రవారం మింగని గోలీ

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు నా రక్తపరీక్ష పాడుగా వచ్చింది. ఒంట్లో వైరస్ మళ్లీ పెరిగిందని, ఇలాగే ఉంటే మందు పనిచేయదని ఆస్పత్రిలో తెలుగు రాని కౌన్సెలర్ మేడమ్ హిందీలో చెప్పింది. అమ్మమ్మకు దాన్ని తెలుగులో చెప్పాల్సింది నేనే. నా చావు కబురు నేనే మోసినట్టనిపించింది.

హెచ్ఐవి నాకు అమ్మ నుంచి వచ్చింది. అమ్మ పోయాక, మరమగ్గాల పనివాళ్లుండే పద్మనగర్ చాల్‌లో అమ్మమ్మే నన్ను సాకింది. మా ఒంటిగది ఖోలీలో మగ్గాలకు కండెలు చుట్టుకుంటూ, రోజూ తన చేత్తోనే నాకు గోలీ ఇచ్చేది. అలాంటి మనిషిని పట్టుకుని మేడమ్ "మందు మధ్యలో మానేస్తున్నారా?" అంటే ఊరుకుంటుందా?

"నా మీద ఒట్టు, ఒక్కనాడు తప్పలే! పొద్దుమీకి షిఫ్ట్ మారంగనే నోట్లె ఏస్త," అని లేచి నిలబడింది.

ఆ మాటను హిందీలోకి మార్చబోయి ఆగిపోయాను.

"అమ్మమ్మా, శుక్రవారం షిఫ్ట్ ఏడిది?"

శుక్రవారం మా దగ్గర కరెంటు ఉండదు, సాంచాలు, అంటే మరమగ్గాలు, బంద్. పగటివాళ్లు దిగేదీ లేదు, రాత్రివాళ్లు ఎక్కేదీ లేదు. మరమగ్గాల చప్పుడుతోనే పొద్దు లెక్కగట్టే అమ్మమ్మకు ఆ రోజు గోలీ వేళ తెలియనే తెలియదు. ఇవ్వకపోతే నేనెందుకు అడుగుతాను? గోలీ అడిగి మింగే పిల్లలు ఏ లోకంలో ఉంటారు!

అమ్మమ్మ నెత్తి కొట్టుకుంది. "ఓ యవ్వ! వారం వారం నేనే తప్పిన్నా?" అని అక్కడే ఏడ్చింది. మేడమ్ ఆమెకు మంచినీళ్లిచ్చి, ఇకనుంచి డబ్బా నా దగ్గరే ఉంచుకుని ఫోన్‌లో అలారం పెట్టుకోమంది.

శుక్రవారం రానే వచ్చింది. సెలవురోజు కదా, పక్క ఖోలీలో ఉండే మామా అత్తా మా ఖోలీలోనే చాయ్ తాగుతున్నారు. అలారం మోగింది. మామకు నా సంగతి తెలుసు, తర్వాత కోడలిగా వచ్చిన అత్తకు తెలియదు. తెలిస్తే చాల్ అంతా పాకుతుందని, ఖోలీ ఖాళీ చేయిస్తారని అమ్మమ్మ భయం.

"ఏం గోలీలే అవి?" అంది అత్త.

"రక్తం తక్కువున్నదని..." అమ్మమ్మ మొదలుపెట్టింది.

నాకు ఒళ్లు మండింది. ప్రతి శుక్రవారం దాక్కుని మింగాలంటే మళ్లీ తప్పడం ఖాయం.

"హెచ్ఐవి గోలీలత్తా. అమ్మకుండె, నాకున్నది. మింగకుంటె బతుక," అనేశాను.

అత్త చాయ్ సగంలోనే వదిలి వెళ్లిపోయింది. వారమంతా మా గడప తొక్కలేదు. అమ్మమ్మ నన్ను తిట్టని తిట్టు లేదు. నాకూ భయమేసింది, కానీ గోలీ మాత్రం ఆపలేదు.

మళ్లీ శుక్రవారం. అత్త కంచంలో అన్నం పట్టుకొచ్చి, గుమ్మంలోంచే కేకేసింది.

"ఏమే, గోలీ ఏసుకున్నవా?"

"మెల్లగ అత్తా! చాల్ అంతా ఇంటరు."

ఆమె పక్కన కూలబడి గొంతు తగ్గించింది. "మీ మామ మీద గట్టిగ లొల్లి పెట్టిన, నాకెందుకు చెప్పలేదని. ఆస్పత్రికి పోయి అడిగొచ్చిన. ఒక్క కంచంల తింటె అంటుకోదట. పట్టు, తిను."

అన్నం కలిపి నాకో ముద్ద పెట్టి, తనో ముద్ద తింది. అమ్మమ్మ గోడవైపు తిరిగి కళ్లొత్తుకుంది. నేను ఇంకో ముద్దకు నోరు తెరిచాను.

తర్వాతి పరీక్షలో వైరస్ కనబడనంత తగ్గింది. సంతోషంతో అమ్మమ్మ మేడమ్ కాళ్లు మొక్కబోయింది. నేను ఎగిరి గంతేశాను.

మా వెంట వచ్చిన అత్త మాత్రం, "దునుకుడు తర్వాత. వచ్చే శుక్రవారం గూడ అడుగుత," అంది.