గంగప్ప మామ డబ్బాలోని మన్ను

పైన కాసే సూర్యుడి మీద ఒట్టు, నేను రాసేదంతా అక్షరాలా నిజం. మా ఊరు తిరుమణిలో ఇప్పుడు సగం ఇళ్లకు కూడు పెట్టేది ఆయనే కనుక, ఆయన మీద దొంగ ఒట్టు వేసేంత ధైర్యం నాకు లేదు.

సోలార్ పలకలు కడగడం నా పని. పలకల మీది నుంచి జారిన నీళ్లు ఎండిన నేలను తాకగానే గుప్పున మన్ను వాసన లేస్తుంది. అప్పుడు పైపు పట్టుకున్న చెయ్యి కాసేపు ఆగిపోతుంది. పక్కింటి గంగప్ప మామ గుర్తొస్తాడు. “మన్ను మాట్లాడతా ఉండాదప్పా, విను” అనేవాడు. వాసనను వినమన్న మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

మామది గొర్రెల కాపరుల ఇల్లు. వాళ్లకు తెలిసిన నేల వైద్యం ఒక్కటే. చేను నీరసపడితే అందులో గొర్రెల మందను నిలుపుతారు. ఆ ఎరువుకు మరుసటి వేరుశనగ గుబురుగా లేస్తుంది. వానలు మొండికేసిన కాలంలో మామ మంద అమ్మేసి, తూర్పు తీరాన ఒక గ్యాసు బావికి కాపలాగా పోయాడు. అక్కడ మిగులు గ్యాసును పొడవాటి గొట్టం చివర రాత్రింబవళ్లు మండించేవారు. మంట పక్కనే సత్యవతమ్మ అనే ఆవిడ వరిచేను. మామకు రోజూ మజ్జిగ పోసిన చెయ్యి ఆమెది.

“దూరం మడిలో కంకి బరువుకు వంగిందప్పా,” అన్నాడు తిరిగొచ్చాక. “మంట దగ్గరికి వచ్చేకొద్దీ నిక్కి నిలబడింది. నలిపి చూస్తే అంతా తాలు. మన్ను పెంకు మాదిరి గట్టిపడినాది. తవ్వితే వానపాము ఒక్కటి లేదు. ఆ చేనికి చీకటంటే ఏందో తెలీదు.”

“ఇంత పెద్ద కోత నేను కూడా కొయ్యలేను మామా!” అన్నాను. లేనిది కల్పించి చెప్పడంలో ఊళ్లో పేరు నాదే.

మామ నవ్వలేదు. “నువ్వు చెప్తే నిజం కూడా సిగ్గుపడి పారిపోతాది. నేను చూసింది చెప్తాండా.”

ఆ నేలను బాగుచేసే దారి కనుక్కుంటానని సత్యవతమ్మకు మాట ఇచ్చి వచ్చాడాయన. ఆమె చేని మన్నును నూనె డబ్బా నిండా తెచ్చి, గొర్రెల ఎరువు కలిపి వేరుశనగ విత్తాడు. మొక్క పాలిపోయి లేచింది, పూసింది. నేలలో కాయ కట్టాల్సిన ఊడలు మాత్రం ఆ గట్టి మన్నులోకి దిగలేక పైనే మాడిపోయాయి. మరుసటి వానకూ అంతే. ఎన్నిసార్లు తడిపినా ఆ మన్నుకు వాసన లేదు.

మా ఊళ్లో పలకలు దిగినప్పుడు భయపడి అడిగాను. “మన చేన్లు కూడా అట్లే అయితాయా మామా?”

“నీడ కింద గడ్డన్నా మొలుస్తాది, గొర్రె మేస్తాది. మంట కింద ఏం మొలుస్తాది?” అని డబ్బా వైపు చూశాడు. “ఇది బాగైనా ఆడ మంట ఇంకా ఉండాది కదప్పా. మందను నిలిపితే సాలనుకుంటి.”

అయినా విత్తడం మానలేదు. మంచాన పడ్డాక డబ్బా నాకు అప్పగించాడు. “ఎవురన్నా అడిగితే చూసింది చెప్పు. ఈ ఒక్కదానికి ఉప్పూకారం కలపొద్దు.”

ఇప్పుడది మా గుమ్మం పక్కన ఉంది. ప్రతి వానకూ నేనే విత్తుతున్నాను. మొన్న మొక్క పీకితే, వేళ్ల మధ్య ఒక్క కాయ. చెవి దగ్గర ఆడిస్తే గింజలు గలగలమన్నాయి.

చీకటి తెలియని చేను, తాలు కంకులు, పెంకులాంటి మన్ను, వీటిలో నేను కలిపిందేమీ లేదు. ఆ కాయ ఒక్కటే నేను కలిపిన ఉప్పూకారం. మామ వద్దన్నాడు, గుర్తుంది. కానీ సత్యవతమ్మకు ఆయన ఇచ్చిన మాట ఉత్త చేతులతో నిలబడి ఉంటే చూడలేకపోయాను.

డబ్బా తడిపి వచ్చాను. ఇంకా వాసన లేదు.