డిగ్రీకెన్ని వాటాలు

ఉమామహేష్ చెప్పే సొరచేప తల పూడిమడక దగ్గరుంటే తోక భీమిలి దగ్గరుంటుంది. జాలరిపేటలో ఈ సంగతి అందరికీ తెలుసు. తెలిసే వింటారు. వేట నిషేధం రెండు నెలలూ బోట్లు ఇసుకలో కదలకుండా పడుంటే, ఊళ్లో కదిలేది అతని నోరొక్కటే మరి. ఆ రెండు నెలలూ అతనికి పని కూడాను. బోట్లకి రంగులేసి, పక్కన నంబరూ ముందు అమ్మవారి పేరూ రాస్తాడు. అక్షరం అచ్చు పోసినట్టుంటుంది. ఆ మాట అతనే చెప్పేసుకుంటాడు, ఇంకొకరికి చెప్పే కష్టం మిగల్చడు.

ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ చేశాడని ప్రతీతి. తాను వేసిన వంజరం బొమ్మని నిజం చేపనుకుని పిల్లి ఎత్తుకుపోయిందనీ, ఆ దెబ్బకి కాలేజీవాళ్లు పరీక్ష పెట్టకుండానే పట్టా చేతిలో పెట్టారనీ చెప్పేవాడు. ఆ పట్టా ఏదిరా అంటే బ్యాంకు లాకర్లో ఉంది, గాలి తగిలితే అంచున బంగారం రాలిపోద్ది అనేవాడు. చలికాలంలో బీచ్ రోడ్డు హోటల్ గోడ మీద తిమింగలాన్ని వేసినందుకు డెబ్బై వేలు ముట్టాయనీ, ఆ డబ్బు లెక్కపెట్టలేక మేనేజరు చేతికి కట్టు కట్టించుకున్నాడనీ కూడా చెప్పాడు. నవ్వారు. కానీ నవ్వినవాళ్లలో ఒకడు ఆ డెబ్బై వేలని మనసులో దాచుకున్నాడు. అతను ఉమామహేష్ మేనమామ అర్జునరావు.

నిషేధం ముగియడానికి నాలుగు రోజులుందనగా ఉమామహేష్ మావయ్య బోటు మీదే నంబరు రాస్తున్నాడు. అర్జునరావు పక్కన కూర్చుని వల బాగుచేసుకుంటూ నింపాదిగా చెప్పాడు. కూతురు ధనశ్రీకి ఫైన్ ఆర్ట్స్‌లో సీటొచ్చింది. మొదటి ఏడు ఫీజు అరవై అయిదు వేలు, సోమవారానికల్లా కట్టాలి. భీమిలి పైడయ్య రేపొచ్చి బోటు ఇంజను డెబ్బై రెండు వేలకి పట్టుకెళ్తాడు.

"నువ్వొక్క గోడకి డెబ్బయ్యేలు తెచ్చేవు కదరా అల్లుడా. పిల్ల సదువయ్యాక నాలుగు గోడలేత్తే నాలుగు ఇంజన్లు."

ఉమామహేష్ చేతిలో కుంచె జారింది. నంబర్లో చివరి ఏడు తోక బోటు అడుగుదాకా పోయింది. ఇంజను లేని బోటంటే ఏమిటో అతనికి తెలుసు. వేట తెరిచే రోజున ఇంజను అమ్ముకున్నవాడు పరాయి బోటెక్కి కూలికి పోవాల్సిందే. అదంతా తన నోటి చలవ. నిజం చెప్పేస్తే ఇంజను మిగులుతుంది, కానీ పిల్ల సీటు పోతుంది, ఊళ్లో తన మొహమూ పోతుంది. చెప్పకపోతే మావయ్య పోతాడు. గాలికి రంగు ఆరిపోతోందని ఏదో గొణిగి డబ్బా మూత పెట్టేశాడు.

మర్నాడు పొద్దున్నే రంగు కొనాలన్న వంకతో బస్సెక్కి పూర్ణా మార్కెట్‌కి పారిపోయాడు. బేరం తెగేదాకా అక్కడే తిరుగుదామనుకున్నాడు. కానీ భయం కూడా టిక్కెట్టు కొనుక్కుని వెనకాలే వచ్చింది. ఒకప్పుడు బోర్డులు రాసే ముసలాయన కూర్చున్న అరుగు మీద ఇప్పుడు ఫోన్లకి కవర్లు అమ్ముతున్నారు. పక్క సందులో ఫ్లెక్సీ మిషను, పది మంది ఏడాదికి రాసే అక్షరాలని పూటలో కక్కేస్తోంది. ధనశ్రీ ఆ అరుగు మీద కూర్చున్నట్టు కళ్లకి కట్టింది. రంగు కొనకుండానే తిరుగు బస్సెక్కాడు.

వచ్చేసరికి పైడయ్య వచ్చి ఉన్నాడు. గోనెసంచి మీద ఇంజను పడుకుని ఉంది. అత్త కాసులమ్మ దాని పక్కనే కూర్చుని, జ్వరమొచ్చిన పిల్ల మీద వేసినట్టు దాని మీద చెయ్యి వేసుకుంది. ధనశ్రీ గుమ్మంలో నిలబడి ఉంది. బేరం కుదిరింది గానీ, డబ్బు ముట్టే ముందు ఆ హోటల్ గోడ డబ్బులో వాటాలు తేలాలన్నాడు అర్జునరావు.

ఒడ్డున చేపలు పంచేటప్పుడు బోటుకో వాటా, వలకో వాటా, ఇంజనుకో వాటా, ఎక్కిన ప్రతి మనిషికీ ఒక వాటా తీస్తారు. మిగతా చోట్ల ఎన్ని కోతలు కోసినా చెల్లుతుంది. వాటాల దగ్గర అబద్ధమాడినవాణ్ణి మళ్లీ ఏ బోటూ ఎక్కించుకోదు. ఆ లెక్కప్రకారమే అర్జునరావు వల తేలడానికి కట్టే బెండ్లు డెబ్బై లెక్కపెట్టి ఇసుకలో పోగు పోశాడు.

"బెండుకి వెయ్యి. ఇదీ నీ గోడ. ఇందులో నీ సేతి వాటా ఎంత, డిగ్రీ వాటా ఎంత? తీసెట్టు."

ఉమామహేష్‌కి పిల్లి గుర్తొచ్చింది, మేనేజరు చేతికట్టు గుర్తొచ్చింది, ఒక్కటీ పనికిరాలేదు. మోకాళ్ల మీద కూర్చున్నాడు. తొమ్మిది బెండ్లు లాగి పక్కన పెట్టి, తొమ్మిదోదాన్ని కొంచెం ఇసుకలోకి నొక్కాడు. రెండొందలు తక్కువ మరి. రోజుకి ఎనిమిది వందలు, పదకొండు రోజులు.

"ఇవి నావి మావా. రంగులకీ నిచ్చెన అద్దెకీ ఇరవై పోతాయి. మిగతావి కాంట్రాక్టు సంతకమెట్టినోడివి. హోటలోళ్లు డిగ్రీ ఉన్నోడికే ఇత్తామన్నారు. ఆడికుంది. నాకు లేదు."

పైడయ్య బీడీ వెలిగించుకోవడం మానేశాడు. ఉమామహేష్ ఆగకుండా చెప్పుకుపోయాడు. ఆగితే ఇంక నోరు రాదని భయం. తనతో కాలేజీలో చేరినవాళ్లు ఇరవై ఇద్దరు. గోడల కాంట్రాక్టులు పడుతున్నది వాళ్లలో ఆ సంతకం పెట్టినవాడొక్కడే. నలుగురు ప్రైవేటు బడుల్లో డ్రాయింగు మేష్టార్లు, నెలకి పన్నెండు వేలు. ఒకమ్మాయి కేకుల మీద పువ్వులు వేస్తుంది. ఒకడు ఫోన్లు చేసి లోన్లు కావాలా అని అడుగుతాడు, మొన్న ఉమామహేష్‌నే అడిగాడు. ఇంజను అమ్మొద్దని మావయ్య కాళ్లు పట్టుకోబోయాడు.

అర్జునరావు కాళ్లు వెనక్కి తీసుకున్నాడు. అతని చూపు పోగుల మీదే ఉంది.

"ఒకే గోడ ఎక్కేరు ఇద్దరూ. నీది కూలి, ఆడిది బోటు. అంటే ఆ కాయితం బోటేరా."

ఇంజను కాపాడదామని చెప్పిన నిజమే ఇంజనుని ఆటో ఎక్కించేలా ఉంది. ఆ బోటెక్కి మునిగినోళ్లే ఎక్కువ మావా అన్నాడు ఉమామహేష్. మునగడం గురించి నాకు సెప్తన్నావేటి అన్నాడు అర్జునరావు.

"నలభయ్యొక్క బెండ్లు కనబడతన్నాయి నీకు," అంది కాసులమ్మ మొగుడితో. "ఆ ఇరవయ్యొక్క మంది కనబడ్లేదేటి?"

అర్జునరావు ఒక బెండు తీసి వేళ్ల మధ్య తిప్పాడు. అప్పుడు ధనశ్రీ గుమ్మం దిగి వచ్చి ఉమామహేష్ ఎదురుగా కూర్చుంది.

"బావా, నువ్వెందుకు మానేసేవు?"

పిల్లి కథ నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయింది.

"భయమేసింది," అన్నాడు. "ఆఖరేడు ఫీజు జేబులో ఎట్టుకుని గేటుదాకా ఎళ్లేను. ఇంత కడితే ఎంతొత్తాదని లెక్కేసేను. కాళ్లు రాలేదు. ఆ డబ్బుతో ఫోను కొనుక్కున్నాను. అమ్మకి మాత్రం కట్టేసేనని సెప్పేను."

అదే అతని మొదటి కోత. ఆ తరవాతవన్నీ దాన్ని కప్పడానికి పోసిన ఇసుక.

ధనశ్రీ బెండ్లు చూసింది. తల్లి వైపు తిరిగి, "నాకూ భయంగానే ఉందమ్మా," అంది. "అయినా ఎళ్తాను."

కాసులమ్మ ఇంజను మీంచి చెయ్యి తీసేసింది. పైడయ్య డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు. ఇంజనుకి ఒక కొస పైడయ్యా రెండో కొస ఉమామహేష్ పట్టుకుని ఆటోలో పెట్టారు. చేతికంటిన నల్ల మడ్డి రెండ్రోజులు సబ్బుకి లొంగలేదు.

సోమవారం తెల్లవారుతూనే నిషేధం తీరి బోట్లన్నీ నీళ్లలోకి దిగాయి. అర్జునరావు వేరేవాళ్ల బోటెక్కాడు, ఒక్క వాటా మనిషిగా. అతని సొంత బోటు కొత్త రంగుతో, తోక సాగిన ఏడుతో ఇసుకలోనే ఉండిపోయింది. ఉమామహేష్ ధనశ్రీని తీసుకుని కాలేజీకి వెళ్లాడు. ఏడేళ్ల కిందట ఆగిన చోటే, గేటు ముందు, కాళ్లు మళ్లీ ఆగిపోయాయి. ధనశ్రీ వెనక్కి తిరిగి, ఒక్కర్తినే వెళ్లాలంటే భయంగా ఉంది, లోపలికి రమ్మంది. వెళ్లాడు. చేపల సంచీలోంచి నోట్లు తీసి ఇస్తుంటే గుమాస్తా ముక్కు ఎగబీల్చాడు గానీ లెక్క సరిపోయింది. వచ్చే ఏడు ఫీజుకి ఏం అమ్మాలో ఇద్దరూ ఒకర్నొకరు అడగలేదు.

సాయంత్రం ఒడ్డున పదిమంది చుట్టూ మూగారు. కాలేజీవాళ్లు దండలేశారా, ఏనుగెక్కించారా అని అడిగారు. ఉమామహేష్ కళ్లు సముద్రం మీదే ఉన్నాయి. మావయ్య ఎక్కిన బోటు ఇంకా రాలేదు.

"అరవయ్యైదు వేలు కట్టేం," అన్నాడు. "రసీదు ఇచ్చేరు."

ఒక్కడూ నమ్మలేదు. ఇంత చిన్న మాట ఉమామహేష్ నోట్లోంచి రావడమేమిటి, వీడేదో పెద్దది దాస్తున్నాడని, చీకటి పడేదాకా కదలకుండా అక్కడే కూర్చున్నారు.