చీనా ఓడకు నిమ్మకాయ

సముద్రం మొహం ఎరగని జహీరాబాద్‌లో మా ఆయన చీనా తెరచాప ఓడ కట్టారు. ఎనభైల్లో మాట. చిన్న లారీల ఫ్యాక్టరీలో ఫిట్టర్ ఉద్యోగం ఆయనది. బొంబాయి ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకంలో ఆ ఓడల బొమ్మలు, కొలతలు ఉన్నాయి. ఇక ఆదివారాలన్నీ దానికే ధారపోశారు. మూరెడు ఓడకు ఆడపిల్ల పెళ్లికి పడ్డంత తిప్పలు పడ్డారు.

పుస్తకంలో లేనిది ఓడ మీద ఉండకూడదు. అదీ ఆయన పట్టు. అడుగు బల్లపరుపుగా ఉండాలి, లోపల అడ్డుగోడలు కట్టి గదులు చేయాలి. తెరచాపకు గుడ్డ పనికిరాదు, చాపే కావాలన్నారు. వెదురు సన్నగా చీల్చి నేనే అల్లాను. సందులు పూడ్చడానికి చీనావాళ్లు వాడే నూనె ఇక్కడెక్కడ దొరుకుతుంది? మా చేలల్లో పండే కుసుమల నూనె మరగబెట్టి, సున్నం, కొబ్బరిపీచు కలిపి దట్టించారు. ఆ ఒక్క మార్పుకే ఎన్నాళ్లో మొహం ముడుచుకుని తిరిగారు. అంచుకు కాస్త ఎర్రరంగు వేయమని నేనడిగితే పుస్తకం తెరిచి చూపించారు. నాకు ఒళ్లు మండింది.

నీళ్లలో నిలుస్తుందా అన్నదే అందరి అనుమానం. చిరాగ్‌పల్లి దగ్గర మా బావగారి చెరకు తోటలో బెల్లం వండే పెద్ద పెనం ఖాళీగా ఉంటే నీళ్లతో నింపాం. ఈలోగా మా అత్తమ్మ వచ్చి, కొత్త బండికి కట్టినట్టే, నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ గుచ్చిన దారాన్ని తెరచాప కొయ్య చివర కట్టేసింది. ఆయన ఆ దారం కేసి ఒకసారి చూసి, ఓడను చేతుల్లోకి తీసుకున్నారు.

నీళ్లలో వదలగానే ఓడ పక్కకు ఒరిగి పడిపోయింది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పైబరువు వల్లేనని ఆయనకు తెలుసు. అత్తమ్మకూ తెలిసిపోయింది. మొహం చిన్నబుచ్చుకుని, కొంగుతో ఓడను తుడుస్తూ అంది.

“నా నిమ్మకాయనే ముంచింది బిడ్డా. తీసెయ్యి.”

తీసేస్తారనే అనుకున్నాను. ఆయన పొలం గట్టున గులకరాళ్లు ఏరుకొచ్చి, ఓడ అడుగు గదుల్లో పేర్చి, మళ్లీ నీళ్లలో దించారు. ఓడ కాసేపు ఊగి నిటారుగా నిలబడింది. నిమ్మకాయ పైనే ఉంది.

“ఉండనియ్యమ్మా. చీనోళ్లకు మాత్రం తల్లులు ఉండరా? వాళ్లూ కట్టే ఉంటరు. పుస్తకం రాసినోడు చూసుండడు.”

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన మీద నాకు అంత ప్రేమ ఎన్నడూ పుట్టలేదు.