గోగో దిద్దిన మాట

నా చిన్నప్పుడు మా ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే జూలూ. దక్షిణాఫ్రికాలోని నాటాల్‌లో ఒక తెల్లదొర చెరుకుతోటకు మా నాన్న మేస్త్రీ. అమ్మకు క్షయ సోకి ఆసుపత్రి పాలైనప్పుడు, తోట అంచున గుడిసెలో ఉండే జూలూ ముసలావిడ నన్ను చేరదీసింది. వాళ్ళ భాషలో అమ్మమ్మను గోగో అంటారు. నేనూ అలాగే పిలిచేదాన్ని.

ఆవిడ నాకు మొక్కజొన్న గంజి పెట్టింది, మాట నేర్పింది. పెద్దవాళ్ళను ఏదైనా అడగాలంటే ముందు 'ఙిచేలా' అనాలి. దయచేసి అడుగుతున్నానని అర్థం. అందులోని 'చ' మన చ కాదు. అయ్యో పాపం అనే ముందు మనం నాలుకతో చేసే చప్పుడే అది. అది సరిగ్గా పలికేదాకా గంజి గిన్నె నా ముందుకు జరిగేది కాదు.

నాన్నకు ఆ భాష రాదు. కూలీలతో ఆయన మాట్లాడేది ఫనగలో, పని చెప్పడానికి పుట్టిన అతుకుల భాష. ఎత్తు, దించు, పో, త్వరగా. ఇప్పుడు నేను దోహాలో కూతురి దగ్గర ఉంటున్నాను. అల్ తుమామా పేటలో మా ఎదుట ఇల్లు కట్టే పనిలో ఉన్న జగిత్యాల కూలీ ఒకసారి అన్నాడు, "ఇన్నేండ్ల సంది ఈడనే ఉన్నగని అమ్మా, అరబ్బీల నాకు పని మాటలే వస్తయ్. యల్లా అంటె నడువు, మాఫీ అంటె లేదు, గంతే." ఫనగలో అంటే ఏమిటో నేను అంతకన్నా బాగా చెప్పలేను.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, గోగో వాళ్ళున్న నేల తెల్లవాళ్ళదని ప్రభుత్వం తేల్చింది. తోట రాకముందునుంచీ ఉన్న ఇళ్ళవి. ఆవిడ మామగారిని పశువులదొడ్డి పక్కనే పూడ్చారు. ఒక ఉదయం లారీలు వచ్చాయి. ఖాళీ చేయించమని దొర నాన్నను పంపాడు. నేనూ వెనకే పరుగెత్తాను. నాన్న తల వంచుకుని తనకు వచ్చిన మాటలే అన్నాడు. పో, త్వరగా.

గోగో చాప మీంచి కదలలేదు. కుక్కను అదిలించే మాటకు తాను లేవనంది. మనిషికి చెప్పినట్టు చెబితే లేస్తానంది. అది నాన్నకు అర్థం కాలేదు, నేను తెలుగులో చెప్పాను. లారీల దగ్గర పోలీసులు కర్రలు పట్టుకుని నిలబడ్డారు. వాళ్ళొస్తే ఆవిడను ఈడ్చుకుపోతారని ఆయనకు తెలుసు. నా భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు చెప్పమ్మా. నీ మాటైతే వింటాది," అన్నాడు.

భయంలో వట్టి 'వెళ్ళు' అనేశాను. గోగో నావైపు తిరిగింది.

"పెద్దవాళ్ళతో అలా అంటారా? మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పాను. దయచేసి వెళ్ళండని, ఆ చప్పుడుతో సహా. ఈసారి తప్పు పలకలేదు. ఆవిడ తలూపి, చాప చుట్టి చంకన పెట్టుకుని లేచింది. లారీ ఎక్కాక "క్షేమంగా ఉండు" అంది. వెళ్ళేవాళ్ళు ఉండిపోయేవాళ్ళతో అనే మాట అది.

మధ్యాహ్నానికి గుడిసెను ట్రాక్టరుతో తొక్కించారు. తర్వాత అక్కడ చెరుకు వేశారు. ఆ చెరుకు కొట్టించిందీ నాన్నే. గోగోను ఎక్కడ దించారో మాకెవరూ చెప్పలేదు. ఎంత మర్యాదగా అన్నా పొమ్మనడం పొమ్మనడమేనని నాకు ఆ రోజే తెలిసింది.

ఈ మధ్య ఇక్కడ రక్తపరీక్షకు వెళ్తే, నర్సు జూలూ అమ్మాయి. వాళ్ళ భాషలోనే మంచినీళ్ళు అడిగాను. ఆ పిల్ల ఆశ్చర్యపోయింది. ఈ కాలంలో వాళ్ళ పల్లెల్లో కూడా ఇంత మర్యాదగా మాట్లాడేవాళ్ళు తక్కువంది.

"ఎవరు నేర్పారో గానీ, ప్రేమగా నేర్పారు," అంది.

నేను నీళ్ళు తాగాను. నేర్పినావిడతో ఆ భాషలో నేను ఆఖరిసారి అన్న మాటేమిటో ఆ పిల్లకు చెప్పలేకపోయాను.