సాంబిరెడ్డి ఇత్తడి గుండీలు

మాచర్ల నుంచి దాచేపల్లి వెళ్లే బస్సులో కండక్టరు సాంబిరెడ్డిని మొహం చూసి గుర్తుపట్టేవాళ్లు తక్కువ. ముందు ఖాకీ చొక్కా మీద ఐదు ఇత్తడి గుండీలు వస్తాయి, వాటి వెనకాల ఆయన వస్తాడు. తోటి కండక్టర్లంతా ప్లాస్టిక్ గుండీలకు మారిపోయినా ఈయన మాత్రం ఇత్తడివే ఉంచుకుని, రోజూ పొద్దున్నే వాటిని చింతపండు పెట్టి తోముతాడు. ఆ ఇంట్లో చెంబులకు కూడా అంత యోగం లేదు. "అన్నా" అని పిలిస్తే పలకడు, "కండక్టరు గారూ" అనాల్సిందే. మొన్న రెంటచింతల దాటాక పొట్ట మీది గుండీ తెగి మిరపకాయ బస్తాల సందులో ఎక్కడో పడింది. సాంబిరెడ్డి టిక్కెట్లు కొట్టడం ఆపేసి, అందర్నీ కాళ్లు పైకెత్తమని వెతకడం మొదలుపెట్టాడు.

"కండక్టరు గారూ, నా సంచీలో పిన్నీసుంది, పెట్టుకోండి. ముందు టిక్కెట్లు కొట్టండి," అంది బట్టలు కుట్టే మెహరున్నీసా.

"పిన్నీసు పెట్టుకున్నోడు కండక్టరు ఎట్టా అవుతాడమ్మా? చెకింగోళ్లు జూస్తే నా ఉద్యోగం ఏం గావాల?"

"మీ పొట్ట జూస్తే తప్పు గుండీది కాదని వాళ్లకే తెలుస్తదిలెండి."

బస్సంతా నవ్వింది. ఆయన మాత్రం సీట్ల కింద నుంచి తల ఎత్తలేదు.

గురజాల దగ్గర చెకింగ్ ఇన్‌స్పెక్టర్ నిజంగానే ఎక్కాడు. పదకొండు మందికి టిక్కెట్లు లేవు. సాంబిరెడ్డి ఎడమచేత్తో పొట్ట దగ్గర చొక్కా మూసి పట్టుకుని, కుడిచేత్తో మెమో మీద సంతకం పెట్టాడు. ఇన్‌స్పెక్టర్ దిగిపోయాక మెహరున్నీసా వైపు వంగి, గుట్టుగా అడిగాడు:

"గుండీ లేని సంగతి కనిపెట్టలేదు గదమ్మా?"